కంపైలరు పట్టుకొనలేని తప్పు

1996 జూన్ 4వ తేదీన దక్షిణ అమెరికాలోని ఫ్రెంచి గయానా నుండి ఏరియన్-5 అను ఐరోపా రాకెట్టు తొలిసారిగా పైకి లేచినది. ప్రయోగక్రమము మొదలైన సుమారు 40 సెకండ్లకే, 3,700 మీటర్ల ఎత్తున, అది దారి తప్పి పేలిపోయినది. దానిలోని నాలుగు ఉపగ్రహములును నశించినవి. ఇందుకు మూలము ఇంజను లోపము కాదు. గణకయంత్రమునకు వ్రాసిన ఆజ్ఞల లోపము.

ఆ ఆజ్ఞలు అడా అను భాషలో వ్రాయబడినవి. గణకయంత్రము సున్నలు, ఒకట్లతో కూడిన యంత్రభాషను మాత్రమే గ్రహించును. మనము వ్రాసినదానిని ఆ భాషలోనికి మార్చు సాధనమే కంపైలరు. ఇది మొదట వాక్యమును పదములుగా విడదీయును. పిదప వ్యాకరణమును సరిచూచును. ప్రతి రాశియు ఏ జాతికి చెందినదో పరీక్షించును. చివరకు యంత్రాజ్ఞలను కూర్చును. ఒక ప్యాకేజీ, అనగా ఆజ్ఞల కట్ట, మరియొకదానిపై ఆధారపడినచో ఆ రెండింటికిని పొత్తు కుదిరినదా అనియు చూచును.

అయితే రాశి యొక్క జాతి కంపైలరుకు తెలియును గాని, ఆకాశమున దాని విలువ ఎంత కాగలదో తెలియదు. ఆ పరీక్ష పని జరుగు సమయమునకు మిగిలిపోవును. విలువ హద్దు దాటినచో ‘ఎక్సెప్షను’ కలుగును. అప్పుడు మామూలు క్రమము ఆగి, ఆపదను చక్కదిద్దు ఆజ్ఞలకై వెదకుట జరుగును. ఆ భాగమున అవి లేనిచో, దానిని పిలిచిన భాగమున వెదకుదురు. అచ్చటను లేనిచో ఇంకను పైభాగమున. ఎచ్చటను దొరకనిచో పని నిలిచిపోవును.

ఏరియన్-5లో గమనమును తెలుపు పరికరపు ఆజ్ఞలు పాత ఏరియన్-4 నుండి తెచ్చినవి. అందు అడ్డు వేగమునకు సంబంధించిన 64 బిట్ల దశాంశ సంఖ్యను 16 బిట్ల పూర్ణాంకముగా మార్చవలెను. అందులో 32,767కు మించినది పట్టదు. పాత రాకెట్టునకు అది చాలెను. క్రొత్తదాని అడ్డు వేగము మిక్కిలి హెచ్చు. కుంచెడు ధాన్యమును మానికలో పోసినట్లయినది.

ఇట్టి రాశులు ఏడు ఉండగా, యంత్రముపై భారము పెరుగకుండుటకై నాలుగింటికే రక్షణ కల్పించిరి. ఈ రాశి విడిచిన మూడింటిలోనిది. ఎక్సెప్షను కలిగినచో పరికరము ఆగవలెనని ఏర్పాటు. ఒకటి చెడినను రెండవది ఆదుకొనునని తలచిరి. కాని రెండింటను ఉన్నవి అవే ఆజ్ఞలు. రెండును ఆగినవి. పరికరము పంపిన లోపసూచనను ప్రధాన గణకయంత్రము గమన సమాచారముగా భావించి రాకెట్టును ప్రక్కకు త్రిప్పినది. వింత యేమనగా, ఆ లెక్కతో ఏరియన్-5కు పైకి లేచిన పిదప పనియే లేదు.

ఝాక్-లూయీ లియోన్స్ అను గణితశాస్త్రజ్ఞుని అధ్యక్షతన జరిగిన విచారణలో ఇవన్నియు తేలినవి. రక్షణ ఎందుకు విడిచిరో ఆ కారణమును ఆజ్ఞల ప్రక్కన వ్రాయలేదనియు తేలినది. కంపైలరు వ్రాసినదానిని మాత్రమే సరిచూడగలదు. పాత ఆజ్ఞలను క్రొత్తచోటికి తెచ్చువారు, అవి ఏ హద్దులను నమ్మి వ్రాయబడినవో ముందుగా విచారింపవలెను.