చెరువు నీటికి లెక్క కట్టుట



తొట్టిలో నీరెంత పట్టునో పసిబాలుడైనను చెప్పగలడు. పొడవును వెడల్పుతోను, వచ్చినదానిని లోతుతోను హెచ్చవేసిన చాలును. కాని చెరువు తొట్టి కాదు. వనపర్తి జిల్లాలోని పాన్‌గల్ వంటి కొండసీమలో చెరువు గుట్టవాలును, వాగుమలుపును అనుసరించి వంకరలు పోవును. అట్టి ఆకారమునకు సరిపడు సూత్రము ఏ గణితగ్రంథమునను దొరకదు. అయినను రైతు ఆ నీటిని నమ్మియే నారు పోయవలెను. సూత్రము లేనిచోట అంకెలతోనే దారి చేసికొను విధమును నేడు మనవి చేసెదను.

ఇరువది అడుగుల లోతుగల చెరువు నొకదానిని ఊహింతము. అట్టడుగున నీటి వైశాల్యము సున్న. 10 అడుగుల మట్టమున 30 ఎకరములు. నిండుమట్టమున 120 ఎకరములు. చెరువును రెండంతస్తులుగా భావించినచో, క్రిందిదాని సగటు వైశాల్యము 15 ఎకరములు, పైదానిది 75. ఒక్కొక్కటి పదేసి అడుగుల మందము. కావున మొత్తము 900. అనగా 900 ఎకరములపై అడుగు లోతున నిలుచు నీరు.

ఈ లెక్కను నమ్మవచ్చునా? నడుమ మరి రెండు కొలతలు తీయుదము. 5 అడుగుల మట్టమున 8 ఎకరములు, 15 అడుగుల మట్టమున 70 ఎకరములు తేలెననుకొందము. ఇప్పుడు అంతస్తులు నాలుగు. వాని సగటులు 4, 19, 50, 95. వీని మొత్తము 168. అయిదింట హెచ్చవేయగా 840 వచ్చినది.

రెండు లెక్కలకును భేదము 60. ఒడ్డు నునుపుగా సాగుచోట్ల, అంతస్తు మందమును సగము చేసినచో దోషము ఇంచుమించు నాలుగవ వంతునకు దిగును. అనగా ముప్పాతిక దోషము తొలగినది; ఆ ముప్పాతికయే 60. మిగిలిన పాతిక 20. దానిని తీసివేయగా 820. చూచితిరా! తన తప్పెంతయో లెక్కయే చెప్పినది.

ఎకరము వరికి నాలుగడుగుల నీరు కావలెననుకొన్నచో, మొదటి లెక్కను నమ్మినవారు 225 ఎకరములు నాటుదురు. నీరు 205 ఎకరములకే చాలును. తక్కిన ఇరువది ఎకరముల పైరు పొట్టకు వచ్చువేళ ఎండిపోవును.

ఈ ఉపాయమునే ఆంగ్లశాస్త్రజ్ఞుడు లూయీ ఫ్రై రిచర్డ్‌సన్ 1911లో అచ్చయిన వ్యాసమున, రాతి ఆనకట్టలోని ఒత్తిళ్ళను గణించుటకు వాడెను. నేడు గణనయంత్రములు లక్షల అంతస్తులతో చేయు పనికిని మూలమిదియే.

అయితే లెక్కకు కన్నులు లేవు. ఈ వనపర్తి జిల్లాలోనే సరళాసాగరము కలదు. 1949లో ఆరంభమై 1959లో పూర్తియైన ఆ జలాశయమున, నీరు నిర్ణీతమట్టమునకు చేరగానే సైఫనులు తమంతట తామే వరదనీటిని వెలికి పంపును. అట్టి నేర్పుగల కట్టడమునకును 2019 డిసెంబరు 31న మట్టికట్ట తెగి గండి పడినది. మట్టము చెప్పు అంకె కట్టలోని బలహీనతను చెప్పజాలదు. అట్లే ఏటేటా పూడిక పేరుకొన్న చెరువునకు పాత కొలతలతో కట్టిన లెక్క ఎంత నిర్దుష్టమైనను నిష్ఫలమే.

కావున ఎవరైనను చెరువు నీటిని గూర్చి ఒక అంకె చెప్పినప్పుడు రెండు ప్రశ్నలు వేయుడు: కొలత ఎప్పటిది? తప్పు ఎంతలోపల? ఈ రెంటికిని బదులు చెప్పగల ఉజ్జాయింపు, బదులు చెప్పలేని కచ్చితపు అంకెకంటె మేలైనదని నా విశ్వాసము.