కుక్కపిల్లను తెచ్చేముందు

బడినుంచి వచ్చే పిల్లవాడు పుస్తకాల సంచీతోపాటు ఓ కుక్కపిల్లను చంకన పెట్టుకొచ్చి, "అమ్మా, పెంచుకుందామే!" అనడం మీ ఇంట్లోనూ ఎప్పుడో ఒకప్పుడు జరిగే ఉంటుంది. వాడి ముచ్చట రెండు రోజులు. ఆ తరువాత దాని తిండీ, దాని అల్లరీ, అది తడిపిన గచ్చూ మన వంతే కదా! అందుకని ఆ పనేదో సరిగ్గా చేసే పద్ధతి ఇవాళ చెప్పుకుందాం.

మాది కోనసీమలో కొత్తపేట. మొదటిసారి మేము తెచ్చిన పిల్లకు పాతిక రోజులు. కళ్లు తెరిచింది కదా, చాలుననుకున్నాం. గిన్నెడు గేదెపాలు పోశాం. విరేచనాలు పట్టుకుని మూడోనాటికి పోయింది. మా అబ్బాయి రెండు పూటలు అన్నం ముట్టలేదు. తప్పు మాదే.

కుక్కపిల్ల ఎనిమిది వారాలు నిండేదాకా తల్లి దగ్గరే ఉండాలి. పాలకోసమే కాదండీ. ఎంత గట్టిగా కొరికితే అవతలివాళ్లకు నొప్పో, తోబుట్టువులతో ఆడుకుంటూ అక్కడే నేర్చుకుంటుంది.

తెచ్చిన రాత్రి ఏడుస్తుంది. పెరట్లో ఒంటరిగా కట్టేయకండి. మీ మంచానికి దగ్గరలో అట్టపెట్టెలో పాత చీర పరిచి పడుకోబెట్టండి. తల్లి పడుకున్న గుడ్డముక్క ఒకటి తెచ్చుకుంటే, ఆ వాసనకు త్వరగా సర్దుకుంటుంది.

ఇక తిండి. రెండు మూడు నెలల పిల్లకు రోజుకు నాలుగుసార్లు, కొంచెం కొంచెంగా పెట్టాలి. పాలు చాలా పిల్లలకు అరగవు. ఒట్టి పెరుగన్నంతో ఎదుగుదల ఉండదు. ఉడికించిన గుడ్డో, ముల్లు తీసిన చేపో, ఎముక తీసిన మాంసమో కలపాలి. ఇవి వండని ఇళ్లవారు కుక్కపిల్లల కోసం అమ్మే మేత కొనడం మేలు. ఉల్లిపాయ, వెల్లుల్లి, చాక్లెట్, ద్రాక్ష దానికి విషం. పరమాన్నంలో కిస్మిస్ కూడా అంతే! ఉడికిన కోడి ఎముకలు విరిగి పేగులో గుచ్చుకుంటాయి. మన కోనసీమవాళ్లకి ఇంకొక మాట: పళ్లు దురదపెడుతున్నాయని కొబ్బరి డొక్క పడేయకండి. పీచు మింగితే పేగుకు అడ్డం పడుతుంది. గట్టి రబ్బరు బొమ్మ ఇవ్వండి.

గచ్చు తడపకుండా నేర్పడం కష్టమేమీ కాదు. నిద్ర లేవగానే, తినగానే, ఆడుకోగానే పెరట్లో ఒకే చోటుకి తీసుకెళ్లండి. మధ్యలో కూడా రెండు గంటలకోసారి. పని అక్కడ కాగానే మెచ్చుకుని చిన్న తినుబండారం పెట్టండి. లోపల తడిపితే మూతి అందులో రుద్దడం, కొట్టడం వద్దు. ఎందుకు కొట్టారో దానికి తెలియదు. మీరంటే భయం మాత్రం నేర్చుకుని, మంచం కింద దాక్కుని అదే పని చేస్తుంది. చెయ్యి కొరికితే అరవకుండా ఆట మానేసి లేచిపోండి. కొరికితే ఆట ఉండదని నాలుగు రోజుల్లో గ్రహిస్తుంది. అయితే ఇంట్లో అందరిదీ ఒకే మాట కావాలి. అమ్మ వద్దన్నది నాన్నగారు సరేనంటే కుక్కపిల్లయినా చెడుతుంది!

మూడో వారంనుంచి సుమారు పద్నాలుగో వారందాకా చూసినవాటిని కుక్క జన్మంతా భయం లేకుండా చూస్తుంది. కుక్కరు కూత, మిక్సీ మోత, గొడుగు, పోస్టుమాన్ — అన్నీ మెల్లగా పరిచయం చేయండి. టీకాలు పూర్తయ్యేదాకా వీధిలో నేలమీద దింపకుండా ఎత్తుకుని తిప్పండి.

టీకాలంటే ఆరు నుంచి ఎనిమిది వారాల మధ్య మొదటిది, తరువాత మూడు నాలుగు వారాలకోసారి, పదహారు వారాలు నిండేదాకా. ఇవి పార్వో, డిస్టెంపర్ వంటి జబ్బులకు. వరదనీరూ, ఎలుకలూ ఉన్న మనవైపు ఎలుకజ్వరం టీకా సంగతి కూడా డాక్టరుగారిని అడగండి. నులిపురుగుల మందు మరవకండి. మూడో నెల నిండగానే రేబిస్ టీకా, ఏడాదికి మళ్లీ ఒకటి. ఆ తరువాత డాక్టరుగారు చెప్పిన గడువుకి.

రేబిస్ లక్షణాలు బయటపడ్డాక మనిషి బతకడం దాదాపు లేదు. పాశ్చర్ 1885లోనే టీకా వేశాడు. మన దక్షిణాదిన కూనూరులో పాశ్చర్ సంస్థ 1907లో మొదలైంది. అయినా ఈనాటికీ గాయానికి కారం, సున్నం రాసేవాళ్లున్నారు. మా పక్కింటి పిన్నిగారు మనవడి కాలికి కారం అద్దబోతుంటే నేనే చెయ్యి పట్టుకున్నాను. "పూర్వం అదేగా మందు?" అన్నారావిడ. సబ్బుతో, ధారగా పడే నీటికింద పదిహేను నిమిషాలు కడిగించి ఆసుపత్రికి పంపాను. మన కుక్కపిల్ల గీరినా ఇదే పద్ధతి. బొడ్డు చుట్టూ పద్నాలుగు సూదుల కాలం పోయింది. ఇప్పుడు చేతికే నాలుగైదు. గాయం లోతుగా ఉంటే దానికి వేరే మందు కూడా ఇస్తారు.

చివరగా ఒక్క మాట. ఆడపిల్ల అయితే వద్దని కళ్లు తెరవనివాటిని కాలవగట్టున వదిలేసేవాళ్లున్నారు. పిల్లలు పుట్టకుండా చేసే ఆపరేషను పశువైద్యులు చేస్తారు. ఆ ఒక్క ఖర్చుతో ఆ బాధ తీరుతుంది. మా రెండో కుక్క అలా గట్టున దొరికిందే. దాని ఈడు తల్లిగల పిల్ల ఉన్న ఇంట్లో నెలన్నర ఉంచి, అప్పుడు తెచ్చుకున్నాం. ఇప్పుడు దానికి తొమ్మిదేళ్లు. నేను ఇది రాస్తుంటే అరుగుమీద పడుకుని, గేటు చప్పుడైతే చెవి ఎత్తుతోంది.

పదేళ్లో, పన్నెండేళ్లో చూసుకునే ఓపిక ఉంటేనే తెచ్చుకోండి. లేదంటే పిల్లవాడికి నచ్చజెప్పండి. అదీ దయే. సెలవు.