నిప్పులోకి వెళ్ళే టోపీ

ఎండలో పెట్టుకునే టోపీకి అంచు ముందుకు ఉంటుంది, కళ్ళకు నీడ పట్టటానికి. కాని న్యూయార్కు నగరంలో మంటలార్పేవారి తోలు టోపీకి అంచు ముందు కురచ, వెనక పొడుగు! తిరగేసి పెట్టుకున్నారేమో అనిపిస్తుంది. అలా ఎందుకు చేశారో చెప్పుకుందాం.

పూర్వం జపానులో టోకియో నగరాన్ని ఎడో అనేవారు. అక్కడి ఇళ్ళన్నీ కొయ్యవి. నిప్పంటుకుంటే మంటలార్పేవారు బొంతలాగా కుట్టిన దళసరి గుడ్డ ముసుగును నీళ్ళలో ముంచి తలకు తొడుక్కునేవారు. తడిగుడ్డ సెగను ఆపుతుంది. కాని పైనుంచి దూలం విరిగి పడితే గుడ్డ ఏం కాపాడుతుంది?

1830 ప్రాంతాల న్యూయార్కులో హెన్రీ గ్రాటకాప్ అనే ఆయన ఓడ ప్రయాణాలకు తోలుపెట్టెలు చేసేవాడు. మంటలార్పటానికి కూడా తానే స్వయంగా వెళ్ళేవాడు. అందుచేత ఆ పనిలోని కష్టాలు ఆయనకు బాగా తెలుసు. ఆయన దళసరి తోలుతో టోపీ చేసి, పైన ఎనిమిది గట్లు వచ్చేటట్టు కుట్టాడు. ఈ గట్లు దేనికి? ఒక కాగితాన్ని చివర పట్టుకోండి, వాలిపోతుంది. దాన్నే విసనకర్రలాగా మడతలు పెట్టి పట్టుకోండి, నిటారుగా నిలుస్తుంది. తోలుకు గట్లు ఇచ్చే బలం అటువంటిదే. ఇక వెనక అంచు మన ఇంటి చూరులాంటిది. గొట్టాలతో కొట్టిన నీరు పైనుంచి సలసల కాగుతూ కారుతుంది. నిప్పురవ్వలు కూడా రాలుతాయి. అవి మెడమీద పడకుండా ఆ అంచు దూరంగా జార్చేస్తుంది.

లండన్ వారిది వేరే దారి. 1861లో అక్కడి దళానికి అధిపతి అయిన కెప్టెన్ షా, పారిస్‌లో మంటలార్పేవారి లోహపు శిరస్త్రాణాలు చూసి, తన వారికి ఇత్తడివి చేయించాడు. అవి ధగధగ మెరిసేవి, గట్టివి కూడా. కాని తరవాత ఇంటింటికీ విద్యుచ్ఛక్తి వచ్చింది. కాలుతున్న ఇంట్లో తెగి వేలాడే కరెంటు తీగ ఇత్తడికి తగిలితే ఏమవుతుంది? తలను కాపాడవలసిన టోపీయే ప్రాణం తీస్తుంది! అందుకని 1930 తరవాత లండన్ వారు ఇత్తడిని విడిచి, బెండూ రబ్బరూ కలిపి చేసిన టోపీలకు మారారు. వాటిలో కరెంటు పారదు.

పారిస్ దళం 1985లో లోహాన్ని వదిలేసింది. వారి కొత్త టోపీ చెవులదాకా దిగుతుంది. ముఖానికి అడ్డంగా అద్దంలాటి తెర దించుకోవచ్చు. ఈనాటి టోపీలు చాలావరకు సెగకు కరగని ప్లాస్టిక్‌తోనో గాజునారతోనో చేసినవి. వాటి పైడొప్ప తలకు ఆనదు. మధ్యలో పట్టీలుంటాయి. ఏదైనా పైన పడితే ఆ విసురును ముందు పట్టీలు పంచుకుంటాయి. తలకు చేరేది కొంతే.

న్యూయార్కులో మాత్రం తోలు టోపీ ఈనాటికీ పోలేదు. ఈసారి దాని బొమ్మ కనిపిస్తే వెనక అంచు చూడండి. అది అలంకారానికి పెట్టినది కాదు. ఎవరి మెడో కాలిన తరవాత తెలిసిన పాఠం అది.