ఒక ఫ్యాన్ ఆగితే

వెంగళరావు నగర్‌లో డ్రోన్ చప్పుడు వినపడితే చాలు, పిల్లలు డాబా ఎక్కేస్తారు. పక్కనే కృష్ణానగర్, ఆ పైన ఫిలింనగర్. షూటింగో, పెళ్లి వీడియోనో ఏదో ఒకటి ఉంటుంది. మొన్న ఫిజిక్స్ చెబుతుంటే ఎనిమిదో తరగతి పిల్ల అడిగింది: "సార్, దాని ఫ్యాన్ ఒకటి ఆగిపోతే మన నెత్తిమీద పడుతుందా?"

మామూలు డ్రోన్ అయితే పడుతుంది. నాలుగు ఫ్యాన్లలో ఎదురెదురుగా ఉన్న జత ఒక దిక్కుకు తిరుగుతుంది, రెండో జత దానికి వ్యతిరేక దిక్కుకు. ఫ్యాన్ కుడికి తిరిగితే డ్రోన్ ఒళ్లు ఎడమకు తిరగబోతుంది. ఆ మెలికను రెండో జత విప్పేస్తుంది కాబట్టే దీనికి హెలికాప్టర్‌లా తోక ఫ్యాన్ అక్కర్లేదు. ఒకటి ఆగిందా, ఆ మూల కుంగుతుంది, మెలిక లెక్క తప్పుతుంది, యంత్రం బోర్లా పడుతుంది.

2013 చివర్లో జూరిక్‌లోని ఈటీహెచ్ విశ్వవిద్యాలయంలో మార్క్ ముల్లర్, రఫాయెల్లో డి'ఆండ్రియా దీనికో ఉపాయం చూపించారు. ఒళ్లు తిరగకుండా ఆపాలన్న పంతమే వదిలేశారు! ఆగిన ఫ్యాన్‌కు ఎదురుగా ఉన్నదాన్ని కూడా బాగా తగ్గించేస్తే, ప్రధానంగా మిగిలే రెండూ ఒకే దిక్కువి. డ్రోన్ బొంగరంలా గిర్రున తిరుగుతుంది. తిరిగితే తిరగనీ. ప్రతి చుట్టులోనూ లెక్కకట్టిన చోట ఒక ఫ్యాన్‌కు రవ్వంత బలం పెంచితే మొత్తం యంత్రం కావలసిన వైపుకు వాలుతుంది, వాలిన వైపుకు జరుగుతుంది. అలా మెల్లగా దిగుతుంది. అదనపు సామాను ఏమీ లేదు, అంతా ప్రోగ్రామే.

చిక్కల్లా బరువుతోనే. నలుగురు మోసేది ఇద్దరే మోయాలి, అంటే ఒక్కో మోటారుకు రెట్టింపు బలం ముందే ఉండాలి. బరువైన సినిమా కెమెరా కట్టాక అంత మిగులు ఎక్కడిది? అందుకే ఇంకో వర్గం వాళ్లు ఆరో, ఎనిమిదో ఫ్యాన్లు పెట్టేయమంటారు. ఆరింటిలో పక్కపక్కవి వ్యతిరేక దిక్కుల్లో తిరుగుతాయి కనుక ఎదురెదురువి కూడా వ్యతిరేకమే. ఒకటి పోతే దాని ఎదురుదాన్ని ఆపేయొచ్చు, ఇటు రెండు అటు రెండు మిగులుతాయి. భారం ఒకటిన్నర రెట్లే. తెలివికి నా ఓటు ముల్లర్‌కే. కింద జనం ఉంటే మాత్రం ఎనిమిది ఫ్యాన్లవైపే నేను.

బ్యాటరీ పోతే ఈ ఉపాయాలేవీ పనిచేయవు; డ్రోన్లు వేరే కారణాలతోనూ పడతాయి. 2015 డిసెంబర్ 22న ఇటలీలో స్కీ పోటీని తీస్తున్న కెమెరా డ్రోన్, ఆస్ట్రియా ఆటగాడు మార్సెల్ హిర్షర్ వెనకే కుప్పకూలింది. అదే ఏడాది అమెరికా నిపుణుల బృందమొకటి లెక్క వేసింది: 250 గ్రాముల వస్తువు సెకనుకు సుమారు 25 మీటర్ల వేగంతో పడితే దాని దెబ్బ 80 జౌళ్లకు అటూఇటూ. అంతకంటే బరువైన డ్రోన్లను నమోదు చేయించాలన్నారు. మన 2021 డ్రోన్ నిబంధనల్లోనూ అన్నిటికంటే తేలికైన నానో తరగతి హద్దు 250 గ్రాములే.

2024 సెప్టెంబరులో బుడమేరు వాగు పొంగినప్పుడు విజయవాడలో నీళ్ల మధ్య చిక్కుకున్న డాబాల మీదికి డ్రోన్లు ఆహారం, నీళ్లు, మందులు చేరవేశాయి. జనం ఉన్నచోటికే వెళ్లాల్సిన పని అది. అలాంటి పనికి డ్రోన్ ఎంచమంటే ముందు ఎన్ని ఫ్యాన్లని అడుగుతాను, ఎన్ని కిలోలు మోస్తుందన్నది ఆ తర్వాతే.