కేయాన్ తెచ్చే కబురు

అణు కేంద్రకంలోని పదార్థం ఒక్క ఘన సెంటీమీటరు దొరికితే దాని బరువు సుమారు 27 కోట్ల టన్నులుంటుంది. అంత చిక్కటి దాన్ని ఇంకా నొక్కితే లొంగుతుందా, ఎదురు తిరుగుతుందా? జర్మనీలో డార్మ్‌స్టాట్‌లోని జీఎస్ఐ ప్రయోగశాలలో బంగారు కేంద్రకాలను ఢీకొట్టించి చూశారు. జవాబు చెప్పింది ధన కేయాన్ అనే వింత కణం.

రెండు ప్రోటాన్లు ఢీకొని ఈ కేయాన్‌ను పుట్టించాలంటే దూసుకొచ్చే ప్రోటాన్‌కు కనీసం 158 కోట్ల ఎలక్ట్రాన్‌వోల్టుల శక్తి కావాలి. ప్రయోగంలో ఒక్కో ప్రోటాన్‌కు, న్యూట్రాన్‌కు 100 కోట్లే ఇచ్చినా కేయాన్లు పుట్టాయి! ఒక్క తాకిడి చాలనప్పుడు వరుస తాకిళ్లు చందాలు పోగేసినట్టు శక్తిని కూడబెడతాయి. మొదటి దెబ్బకు ఉత్తేజితమైన కణం, ఆ శక్తి చేజారేలోపే ఇంకొకదాన్ని తాకాలి. కిక్కిరిసిన చోటే అది సాధ్యం. అందుకే పదార్థం ఎంత నలిగితే కేయాన్లు అంత ఎక్కువ.

పుట్టిన ధన కేయాన్‌ను చుట్టూ ఉన్న ప్రోటాన్లు, న్యూట్రాన్లు మింగలేవు. అందులో ఉండేది స్ట్రేంజ్ క్వార్క్‌కు ప్రతికణం. దాన్ని తనలో ఇముడ్చుకోగల బేరియాన్ (ప్రోటాన్, న్యూట్రాన్ల జాతి కణం) అక్కడ లేదు. పదార్థం దాన్ని కాస్త పక్కకు నెడుతుందే తప్ప చంపదు. రుణ కేయాన్ సంగతి పూర్తిగా వేరు. పదార్థం దాన్ని తనవైపు లాగుతుంది. అది తన స్ట్రేంజ్ క్వార్క్‌ను ఏ న్యూట్రాన్‌కో అప్పగించి మాయమవుతుంది, అక్కడ లాంబ్డా అనే బేరియాన్, పయాన్ అనే మరో కణం మిగులుతాయి. ఆ రెండూ మళ్లీ తాకితే రుణ కేయాన్ తిరిగి పుట్టవచ్చు. ఇన్ని చేతులు మారిన కణం నలుగుడు తొలిఘడియల గురించి చెప్పగలిగేది తక్కువ. నా దృష్టిలో నమ్మదగ్గ సాక్షి ధన కేయానే.

జీఎస్ఐలో ఈ ప్రయోగం చేసిన కావోస్ బృందం 2001లో బంగారంలో పుట్టిన ధన కేయాన్లను కర్బనంలో పుట్టినవాటితో పోల్చింది. తేలికైన కర్బనం అంతగా నలగదు కాబట్టి అది మంచి కొలబద్ద. శక్తి తగ్గేకొద్దీ బంగారం ఆధిక్యం పెరిగింది. లెక్కలు సరిపోయింది పదార్థం మెత్తగా ఉందనుకున్నప్పుడే.

చిక్కల్లా ఇలాంటి చిక్కటి పదార్థంతోనే నిండిన న్యూట్రాన్ తారలతో వచ్చింది. 2010లో పల్సార్ అనే తరహా న్యూట్రాన్ తార ఒకదాని బరువు దాదాపు రెండు సూర్యులంతని తేలింది. లోపలంతా మెత్తటి పదార్థమే అయితే అది ఎప్పుడో కుప్పకూలేది. తార గర్భంలో లాంబ్డాలు పుడితే ఒత్తిడి ఇంకా పడిపోతుంది కూడా. కాబట్టి కేంద్రక సాంద్రతకు రెండు మూడు రెట్ల వరకు లొంగిన పదార్థం, ఆ పైన గట్టిపడాలి. ఆ పై సాంద్రతలను అందుకోవడానికే జీఎస్ఐ పక్కన ఫెయిర్ అనే కొత్త యంత్రాన్ని కడుతున్నారు. భారతదేశం కూడా అందులో భాగస్వామి.