తెర మారిన రంగు మారునా?

వాలియున్న పాలపిట్టను చూచినవారికి అది గోధుమవన్నె కలిసిన సామాన్యమైన పక్షివలె తోచును. రెక్క విప్పినంతనే ముదురు నీలము, లేత నీలము పట్టెలు పట్టెలుగా మెరయును. దసరానాడు దీనిని చూచుట శుభమని మనవారు పొలిమేర దాటి పోయి వెదకుదురు. తెలంగాణకు ఇది రాష్ట్రపక్షి. ఆ నీలము రంగుపదార్థము వలన కలిగినది కాదు. ఈక లోపలి అతి సూక్ష్మమైన నిర్మాణము వెలుతురుపై చూపు ప్రభావము వలన కలిగినది. సి. వి. రామన్ 1934లో పక్షుల ఈకల రంగులను గూర్చి ప్రకటించిన వ్యాసమున పాలపిట్ట ఈకలను పరిశీలించెను.

ఎగురుచున్న పాలపిట్టను ఫోటో తీసి నేనొకసారి ఇంటి కంప్యూటరుపై సవరించితిని. ఎండుగడ్డికి సైతము నీలిచాయ పట్టినట్లు తోచగా, నీలమును తగ్గించితిని. మరునాడు పాఠశాలలో మరియొక తెరపై చూడగా గడ్డి పసుపు పూసినట్లున్నది; రెక్కలు ఆకుపచ్చకు తిరిగినవి. “ఇది పాలపిట్టయేనా మాస్టారూ?” అని ఒక విద్యార్థి అడిగెను.

తప్పు ఎక్కడ జరిగినది? ఫోటో ఫైలులో రంగులుండవు, అంకెలుండును. సాధారణముగా ప్రతి చుక్కకు ఎరుపు, ఆకుపచ్చ, నీలము అను మూడింటికి 0 మొదలు 255 వరకు ఒక్కొక్క అంకె ఉండును. “నీలము 200” అన్నది తెరకిచ్చు ఆజ్ఞ మాత్రమే. పూర్వము ధాన్యమును మానికలతో కొలిచెడివారు. ఒక ఊరి మానిక మరియొక ఊరి మానికతో సరిపోయెడిది కాదు. పది మానికలన్న మాట ఒకటే, గింజలు వేరు! తెరల సంగతియు ఇట్టిదే. వెనుకనున్న దీపము, ముందున్న రంగు పొరలు, తెర వయస్సు, మనము పెట్టుకొన్న ప్రకాశము, ఇవి మారినకొలది అదే 200 వేరు నీలమగును.

కంటికి తెలియదా అని అడుగవచ్చును. రెండు మానిటర్లను ప్రక్కప్రక్కన పెట్టి రెండింటిపై ఖాళీ తెల్లపుటను తెరచి చూడుడు. తరచుగా ఒకటి నీలిగా, రెండవది పసుపుగా కన్పట్టును. ఒక్కొక్కదానినే వేరుగా కొంతసేపు చూచినచో రెండును తెలుపే! కన్ను ఎదుటనున్న వెలుతురుకు అలవాటు పడిపోవును. బ్రతుకుటకు ఇది గొప్ప సౌకర్యమే గాని, రంగు తూచుటకు పనికిరాని త్రాసు. నా ఇంటి తెర నీలిది. నేను ఫోటోలోని నీలమును తీసివేసితిని. రోగము తెరకు, మందు ఫోటోకు! అట్లే మిక్కిలి ప్రకాశముగల తెరపై సవరించిన ఫోటోలు అచ్చులో చీకటిగా వచ్చును.

మానికల చిక్కును తీర్చుటకు 1956లో మన దేశమున మెట్రిక్ పద్ధతికి చట్టము చేసిరి. రంగులకు అట్టి ఉమ్మడి కొలత 1931లోనే ఏర్పడినది. ఆ సంవత్సరము అంతర్జాతీయ దీపన సంఘము సగటు మానవనేత్రమును ఆధారము చేసికొని, ఏ పరికరముతోను సంబంధము లేకుండ రంగును అంకెలలో చెప్పు విధానమును స్థిరపరచినది.

కలరిమీటరు అను చిన్న పరికరమును తెరపై ఆనించినచో, కంప్యూటరు తెలిసిన అంకెలను ఒక్కొక్కటిగా చూపును. పరికరము వచ్చిన వెలుతురును కొలుచును. ముందు తెలుపును 6500 కెల్విన్ వద్దకు, ప్రకాశమును చదరపు మీటరుకు సుమారు 100 కాండెలాలకు తెచ్చుకొందురు. అది క్రమాంకనము. పిమ్మట “ఈ ఊరి మానిక ఇన్ని లీటర్లు” అని వ్రాసిన చీటీవంటి ఫైలు తయారగును. దానిని ప్రొఫైలు అందురు. ఫోటోకును ఇట్టి చీటీ ఉండవలెను. 1996లో వెలువడి 1999లో అంతర్జాతీయ ప్రమాణమైన ఎస్‌ఆర్‌జీబీ అట్టిదే. సవరించు సాఫ్ట్‌వేరు ఈ రెండు చీటీలను చదివి అంకెలను మార్చి తెరకు పంపును. చీటీ లేని ఫోటోను పంపుట, ఏ ఊరి మానికో చెప్పక ధాన్యము అమ్ముటయే.

తెరను అరగంట వెలిగియుండనిచ్చిన పిమ్మటనే కొలువవలెను. రాత్రివేళ తెరను పసుపుగా మార్చు సదుపాయమును ఆపవలెను. ఇంత చేసినను కొన్ని తెరలు కొన్ని గాఢమైన నీలి ఆకుపచ్చలను చూపజాలవు; పాత్రలో పట్టనిదానిని చీటీ పట్టించలేదు.

పరికరము లేని పాఠశాలలు ఒక ఉపాయము చేయవచ్చును. పక్షిపై పడుచున్న వెలుతురులోనే ఒక తటస్థ బూడిదరంగు అట్టను కూడ ఫోటో తీయుడు. ఎస్‌ఆర్‌జీబీలో బూడిదరంగుకు మూడు అంకెలును సమానము. అట్టపై 120, 121, 138 అని వచ్చినచో నీలము ఎక్కువైనట్లు ఏ తెరపైనైనను తెలియును. ఆ అంకెలు సమమగువరకు సవరించి, అదే సవరణను పాలపిట్ట ఫోటోకు చేయవలెను. నేను చెడగొట్టిన ఫోటో మూలప్రతి మిగిలియుండుటచే ఈ విధముగనే మరల సవరించితిని. నా ఇంటి తెరపై గడ్డి నేటికిని కొంచెము నీలిగానే కన్పట్టుచున్నది. నేను దానిని ముట్టలేదు.