హిందీ అంకెలు: చూడ్డానికి నంబరే.. మరి వెబ్‌సైట్ ఎందుకు ఒప్పుకోదు?

ముంబైకి కొత్తగా వెళ్లిన తెలుగువాళ్లకు అక్కడి బెస్ట్ బస్సు నంబర్లు ఓ పట్టాన అర్థం కావు. చాలా బస్సుల ముందు రూట్ నంబర్ మరాఠీ అంకెల్లో ఉంటుంది. అందులో ఒకటి అచ్చం 9లా కనిపిస్తుంది. నాలుగేమో పైన నోరు తెరిచిన 8లా ఉంటుంది. హిందీ, మరాఠీ, నేపాలీ.. మూడింటికీ ఇవే దేవనాగరి అంకెలు. మనుషులు నాలుగు రోజుల్లో అలవాటు పడిపోతారు. ఫోన్, కంప్యూటర్ సంగతి అలా కాదు. వాటికి ఆకారంతో పనిలేదు, కోడ్‌తోనే పని.

అదెలాగంటే.. కీబోర్డ్‌పై 1 నొక్కితే ఫోన్‌లో సేవ్ అయ్యేది ఆ గీత కాదు, 49 అనే కోడ్. 0 నుంచి 9 వరకు అంకెలకు 48 నుంచి 57 వరకు కోడ్‌లున్నాయి. 1960ల్లో అమెరికాలో ఖరారైన ఆస్కీ పద్ధతి ఇది. హిందీ అంకెలకు యూనికోడ్‌లో వేరే వరుస ఉంది. సున్నాకు 2406, తొమ్మిదికి 2415. తెలుగు అంకెలకూ (౦, ౧, ౨..) సొంత వరుస ఉంది, 3174 నుంచి 3183 వరకు.

ఇక్కడో ఆసక్తికరమైన విషయం. హిందీ అంకె కోడ్‌కు 768 కలిపితే సరిగ్గా అదే తెలుగు అంకె వస్తుంది. ఇదేమీ కాకతాళీయం కాదు. యూనికోడ్ కంటే ముందే మన దేశంలో ఇస్కీ అనే పద్ధతి ఉంది. అందులో భారతీయ లిపులకు దాదాపు ఒకే అమరిక. యూనికోడ్ ఆ అమరికనే తీసుకుని, ఒక్కో లిపికి 128 గదులు ఇచ్చింది. దేవనాగరి నుంచి తెలుగు ఆరు బ్లాకుల దూరం. ఆరు ఇంటూ 128.. లెక్క సరిపోయింది!

అసలు తిరకాసు ఫారం నింపేటప్పుడు వస్తుంది. హిందీ కీబోర్డ్‌తో మొబైల్ నంబర్ హిందీ అంకెల్లో కొడితే కొన్ని సైట్లు 'తప్పు నంబర్' అనేస్తాయి. వెబ్ పేజీల్లో వాడే జావాస్క్రిప్ట్‌కు హిందీ అంకెలిచ్చి నంబర్‌గా మార్చమంటే 'ఇది నంబరే కాదు' అంటుంది. పైథాన్ మాత్రం చక్కగా మార్చేస్తుంది. అంటే ఒకచోట చెల్లింది ఇంకోచోట చెల్లదు.

తిప్పికొట్టడం కంటే పెద్ద ముప్పు ఇంకోటుంది. సైట్ ఆ నంబర్‌ను ఉన్నదున్నట్టు తీసుకుని దాచేస్తే? తర్వాత ఎవరైనా మామూలు అంకెలతో వెతికితే ఆ రికార్డు దొరక్కపోవచ్చు. మనిషి అదే, నంబర్ అదే, కోడ్‌లే వేరు. నిజానికి దీనికి మందు చాలా చిన్నది. హిందీ అంకె కోడ్‌లోంచి 2358 తీసేస్తే మామూలు అంకె వచ్చేస్తుంది. డెవలపర్ ఆ ఒక్క లైన్ రాయకపోవడమే సమస్య.

చోటు కూడా ఎక్కువే పడుతుంది. యూటీఎఫ్-8లో మామూలు అంకెకు 1 బైట్, హిందీ అంకెకు 3 బైట్లు. పది అంకెల నంబర్ 30 బైట్లు అవుతుంది. ఎస్ఎంఎస్‌లో అయితే ఇంకా విచిత్రం. ఇంగ్లిష్ మెసేజ్‌కు 160 అక్షరాలు పడతాయి. మధ్యలో ఒక్క హిందీ అంకె దూరినా సాధారణంగా పరిమితి 70కి పడిపోతుంది.

మరి ప్రభుత్వం ఏ అంకెలు వాడాలి? రాజ్యాంగం 343వ అధికరణ ప్రకారం కేంద్రం అధికారిక పనులకు భారతీయ అంకెల అంతర్జాతీయ రూపం, అంటే 1, 2, 3 వాడాలి. రాజ్యాంగం అమల్లోకి వచ్చిన తొలి 15 ఏళ్లలో, అంటే 1965 వరకు, దేవనాగరి అంకెలనూ అదనంగా అనుమతించే అధికారం రాష్ట్రపతికి ఉండేది. 2016లో వచ్చిన కొత్త 500, 2000 నోట్లపై దేవనాగరి అంకెలు ముద్రించడంపై మద్రాస్ హైకోర్టులో పిటిషన్ కూడా పడింది.

ఏదైనా ఫారం మీ నంబర్ తీసుకోకపోతే ముందు కీబోర్డ్ భాష చూసుకోండి. ఇంగ్లిష్‌లోకి మార్చి మళ్లీ కొడితే చాలాసార్లు పని అయిపోతుంది.